సమస్య: ‘ఎండ తగిలి మోడు నిండఁ బూసె’

ఆటవెలది పాదం ఇది. జపమాల పట్టినా మనసు నిలవని రోజులు అందరికీ వస్తాయి. అలాంటి ఎండుకాలం దాటి భక్తి మళ్ళీ ఎలా చిగురించిందో చెప్పండి. ఎండకు మోడు మాడాలి గానీ పూయడమేమిటన్నదే చిక్కు.

శ్రీకాకుళం మిత్రుడి పూరణ:

అరసవల్లి రేని చరణాల సోకిన
వెలుగు రేకఁ గనగ విడెను దిగులు
ఏళ్ళు జపము మాని యెండిన మదిలోన
నెండ తగిలి మోడు నిండఁ బూసె

విమర్శ: ‘అర’కు ‘చర’ ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిసే పొత్తు) హాయిగా కుదిరింది. కానీ అరసవల్లి గుడిలో ఆదిత్యుడి పాదాలను తొలి కిరణాలు తాకేది మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే. మబ్బు పడితే అదీ లేదు. ఆ దర్శనం దొరకనివాడి మాటేమిటి? జపం మానిన ఏళ్ళలో ఏం జరిగిందో పద్యం చెప్పలేదు.

మిత్రుడి జవాబు: నేనేమీ చేయలేదండీ, అందుకే చెప్పలేదు. కృప అడక్కుండానే వచ్చింది.

విమర్శ: అయితే ఆ మాటే పెట్టండి. మూడో పాదంలో చోటుంది.

బొబ్బిలి సోదరి పూరణ:

ఆకు రాల్చి నిలిచె నడవిలో మోదుగ
మాఘమందు, నేను మౌనమందు
నామ మొకటి విడక నమ్మి కాచితి, నేఁటి
కెండ తగిలి మోడు నిండఁ బూసె

విమర్శ: ఇది మనసుకు పట్టింది. మోదుగ ఆకంతా రాల్చాకే ఫాల్గుణంలో కొమ్మ కొమ్మకూ ఎర్రగా పూస్తుంది. చిక్కు దానంతటదే విడిపోయింది. మన మామిడి రైతులూ పూతకు ముందు నీళ్ళు ఆపేస్తారు. ఆ బెట్టకే చెట్టు పూతకొస్తుంది. మనసు బెట్టకొచ్చిందని టెన్షన్ పడి గుడి మానేసినవాళ్ళను చూశాను. ఏ రుచీ లేని రోజున అన్న నామం వృథా పోదని నా గట్టి నమ్మకం. ‘నమ్మి కాచితి’ దగ్గర కళ్ళు చెమర్చాయమ్మా.

విజయనగరం కుర్రాడు, తొలి పద్యం:

ఉదయమందు దీప మమ్మకుఁ బెట్టఁగ
పైడితల్లి మోము పలుకరించె
మనసులోని కరవు మాయమగుచు నుండ
నెండ తగిలి మోడు నిండఁ బూసె

విమర్శ: మొదటి పాదంలో ‘ఉ’కు నాలుగో గణం మొదట ఉన్న ‘అమ్మకు’లోని అకారంతో యతి చెల్లదు నాయనా. ‘దీప మొక్కటి పెట్టఁగ’ అను, సరిపోతుంది. అమ్మ రెండో పాదంలో ఎలాగూ ఉంది. ‘పలుకరించె’ మాత్రం ముట్టుకోకు. దీపం పెట్టింది నువ్వు, ముందు పలకరించింది తల్లి. సరిచేసి మళ్ళీ పెట్టు.