ఆటోమేటిక్ పికప్‌లో గేర్‌బాక్స్ ఆయిల్: మార్చాలా, కదపకూడదా?

లంకబాబు (రాజోలు):
అందరికీ నమస్కారమండి. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో టొయోటా హైలక్స్ ఆటోమేటిక్ పికప్ తీసుకున్నాం. మీటరు 1,10,000 దాటింది. ముందు వాడినాయన ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద తిప్పాడు. మేత బస్తాలు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు, అప్పుడప్పుడు వెనకాల ట్రాలీ. ఇంజన్ ఆయిల్ బిల్లులన్నీ ఉన్నాయి గానీ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినట్టు ఒక్క కాగితమూ లేదు. సర్వీస్ సెంటర్లో అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు" అన్నారు. మా బావేమో "లక్ష దాటాక మారిస్తే గేర్‌బాక్స్ పోద్ది" అని గట్టిగా చెబుతున్నాడు. గేర్లు మెత్తగానే పడుతున్నాయి. మార్చాలా, వద్దా? కారణంతో సహా చెప్పండి.

భీమవరం_డీజిల్:
మీ బావగారి మాటే నాదీను. బాగా నడుస్తున్న గేర్‌బాక్స్‌ని ఎందుకు కదపడం? మా వీధిలో ఒకాయన పాత ఆటోమేటిక్ కారుకి లక్షన్నర మీద ఆయిల్ మార్పించారు. నెల తిరక్కుండా గేరు జారడం మొదలెట్టింది. అయినా మన డెల్టాలో కొండలేవండీ? ఘాట్ రోడ్డు లేదు. సిద్ధాంతం వంతెన, చించినాడ వంతెన ఎక్కడమే మనకి ఎత్తు. గేర్‌బాక్స్ వేడెక్కే పనేముంది?

ఆటోగేర్_మేస్త్రి (తణుకు):
డీజిల్ గారూ, కొండలు లేవు కాబట్టి వేడి లేదనుకోవడం దగ్గరే తేడా వస్తోందండి. ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ వైపు రెక్కలు ఆయిల్‌ని తోస్తే ఆ ఆయిల్ అవతలి రెక్కల్ని తిప్పుద్ది. బండి వేగం అందుకున్నాక లోపల లాకప్ క్లచ్ పట్టుకుని రెండు వైపులూ ఒకటై తిరుగుతాయి, అప్పుడు వేడి తక్కువ. 216 హైవే మీద 80లో పోయే బండికి ఆ సుఖం ఉంది.

అదే బండి వాన పడ్డ చెరువు గట్టు మీద, నల్లమట్టిలో, వెనకాల బరువుతో నడక వేగాన పాకుతుంటే లాకప్ పట్టదు. హైలక్స్ ఆటోమేటిక్ 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చే బండి. ఇంజన్ ఇచ్చినదాంట్లో చక్రాలకి చేరనిదంతా ఆయిల్‌లో వేడిగా దిగిపోద్ది. ట్రాలీని గట్టు మీద రివర్స్ చేసేటప్పుడు మరీను. మీటరు అర కిలోమీటరు కూడా తిరగదు, ఆయిల్ మాత్రం ఉడుకుద్ది. ఇంజనీర్లు మామూలుగా వాడే లెక్క ఒకటుంది: ఆయిల్ వేడి 10 డిగ్రీలు పెరిగితే అది పాడయ్యే వేగం దాదాపు రెట్టింపు. కాబట్టి లంకబాబు గారి 1,10,000నీ, హైదరాబాద్ తిరిగే కారు 1,10,000నీ ఒకే గాటన కట్టకూడదు.

సర్వీస్ సెంటర్ వాళ్ళ లైఫ్‌టైమ్ మాటకొస్తే, బీఎండబ్ల్యూ లాంటి కార్లకి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసిచ్చేది జర్మనీలోని జెడ్‌ఎఫ్. కార్ల కంపెనీలు లైఫ్‌టైమ్ అని చెప్పిన గేర్‌బాక్సులకే జెడ్‌ఎఫ్ 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్ళకి ఆయిల్ మార్చమంటోంది. చేసినవాడి మాట నాకు ఎక్కువ.

మీ వీధి కారు సంగతి కూడా చెబుతాను. జర్కులు మొదలయ్యాకే చాలామందికి ఆయిల్ గుర్తొస్తుంది. అప్పటికే లోపల క్లచ్ లైనింగ్ అరిగి ఉంటుంది. పోయే గేర్‌బాక్స్ పోయింది, నింద కొత్త ఆయిల్ మీద పడింది.

భీమవరం_డీజిల్:
వేడి సంగతి ఒప్పుకున్నానండి, చెరువు గట్టు నాకు తట్టలేదు. కానీ అసలు భయం చెప్పనివ్వండి. ఈ గేర్‌బాక్సులకి ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్, ఉండదు. ఆయిల్ ఎర్రగా ఉంటే చాలు, స్టీరింగ్ డబ్బాలోదైనా తెచ్చి పోసేసే షెడ్లు మన చుట్టూ ఉన్నాయి. సరిగ్గా చేసేవాడు దొరకనప్పుడు చెయ్యకపోవడమే మేలు కదా?

సముద్రగాలి (నర్సాపురం):
మీరిద్దరూ వేడి గురించే మాట్లాడుతున్నారు. మనకి అంతకన్నా పెద్ద శత్రువు నీళ్ళండి. 2022 జూలై వరదలప్పుడు లంకల కాజ్‌వేలు ఎలా మునిగాయో అందరూ చూశారు. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్ళలో పోగలదని కంపెనీయే చెబుతుంది, నిజమే. కానీ కాగిపోయి ఉన్న గేర్‌బాక్స్ ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుని బయట నుంచి పీలుస్తుంది. గేర్‌బాక్స్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టం ఊడినా, సీలు ముసలిదైనా ఆ పీల్చేది నీళ్ళే. క్లచ్ ప్లేట్ల మీద లైనింగ్ జిగురుతో అంటించి ఉంటుంది, నీరు తగిలితే పట్టు వదిలేస్తుంది. ఆయిల్ పాలు కలిపిన గులాబీ రంగులోకి తిరిగితే ఇక కిలోమీటర్ల లెక్క చూడకూడదు, బండి స్టార్ట్ కూడా చెయ్యకూడదు.

రొయ్యల బండి కాబట్టి ఉప్పు కూడా చూడండి. ట్యాంకుల్లోంచి కారిన ఉప్పునీళ్ళు ఛాసిస్ కింద బోల్టులన్నిటినీ తినేస్తాయి.

ఆటోగేర్_మేస్త్రి (తణుకు):
నర్సాపురం వారు చెప్పిన ఉప్పు వల్లే నేను ముందు పైన ఆయిల్ పోసే ఫిల్లర్ బోల్టు విప్పుతాను, ఆ తర్వాతే కింద ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు. పాత ఆయిల్ అంతా కింద పోసేశాక పై బోల్టు తుప్పుకి బిగుసుకుపోయి రాలేదనుకోండి, బండి అక్కడే కూర్చుంటుంది.

డీజిల్ గారి భయం న్యాయమైనది. అందుకని షెడ్డువాణ్ణి రెండే అడగండి. ఏ ఆయిల్ పోస్తావు? దీనికి టొయోటా డబ్ల్యూఎస్ గ్రేడే కావాలి, పాత ఆటోమేటిక్‌లకి పోసే డెక్స్‌రాన్ 3 ఆయిల్ కన్నా ఇది పలచన. లెవెల్ ఎలా చూస్తావు? ఇంజన్ ఆన్‌లో, బండి సమంగా నిలబెట్టి, ఆయిల్ 40 డిగ్రీల చుట్టుపక్కల ఉండగా లెవెల్ దాటిన ఆయిల్ కారిపోయే ఓవర్‌ఫ్లో బోల్టు తియ్యాలి. ధార సన్నబడి చుక్కలయ్యే సమయానికి మూసెయ్యాలి. ఎన్ని డిగ్రీలు ఉండాలో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, అప్పుడు ఆయిల్ ఎన్ని డిగ్రీలుందో బండికి తగిలించే స్కానర్‌లో కనబడుతుంది. ఆయిల్ బాగా వేడి మీదుంటే పొంగి ఎక్కువ కారిపోతుంది, చల్లారాక లెవెల్ తక్కువ తేలుతుంది. మన ఎండాకాలంలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకూడదు, తెల్లారగట్లే కానివ్వాలి. స్కానర్ లేదన్నవాడి దగ్గర బండి దింపకండి.

ఒకసారి డ్రెయిన్ చేస్తే వచ్చేది మూడో వంతు నుంచి సగం. మిగతాది కన్వర్టర్లో, కూలర్ పైపుల్లో ఉండిపోద్ది. 40 శాతం మారిందనుకుంటే, మధ్యలో కొన్నాళ్ళు నడిపి మూడుసార్లు చేసేసరికి దాదాపు 78 శాతం కొత్తది. లక్ష దాటిన బండికి నేను ఇలాగే చేస్తాను, మెషిన్ పెట్టి ఒక్కసారే తోయించను.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం, పాన్, విప్పినప్పుడు లంకబాబు గారు దగ్గరుండి చూడండి. లోపల మాగ్నెట్లుంటాయి. వేలితో తీస్తే కాటుకలా మెత్తగా అంటుకునే నల్లటి ముద్ద అయితే అది మామూలు అరుగుదలే. గోటికి గీసుకునే రేకు ముక్కలు తగిలినా, ఆయిల్ మాడు వాసన కొట్టినా కొత్త ఆయిల్ పోసి లాభం లేదు, గేర్‌బాక్స్ దించాలి.

లంకబాబు (రాజోలు):
చాలా థాంక్సండి. గేరు జారడం లేదు కాబట్టి ఈ వారమే మొదటి డ్రెయిన్ చేయిస్తాను. కొనేటప్పుడు నీళ్ళలో దిగిందా అని అడగలేదు. ముందు పాతాయనకి ఫోన్ చేసి కనుక్కుంటాను.

భీమవరం_డీజిల్:
అడిగినా ఉన్నది చెబుతాడన్న నమ్మకం లేదండి. ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ఆయిల్, నాలుగు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ కూడా కొంచెం తీసి చూడండి. బండి మునిగి ఉంటే అక్కడా జాడ ఉంటుంది. మెత్తగా నడిచేదాన్ని కదపడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు గానీ, మీ బండి చెరువుల మీద తిరిగింది కాబట్టి ఈసారికి మేస్త్రి గారి మాట వినండి.