గొంతు మారుతున్న వయసులో స్కూల్ మ్యూజికల్: కోరస్‌లో కొనసాగాలా, తప్పుకోవాలా?

ప్రశ్న (తొమ్మిదో తరగతి విద్యార్థి)

అందరికీ నమస్కారం. మా స్కూల్లో ఈ ఏడాది వేస్తున్న మ్యూజికల్‌కు (పాటలు, నృత్యాలతో సాగే నాటకానికి) ఆడిషన్ ఇచ్చాను, కోరస్‌కు ఎంపికయ్యాను. పేరున్న పాత్ర ఏదీ రాలేదు గానీ, సగానికి పైగా పాటల్లో నేను వేదిక మీదే ఉంటాను. ఇబ్బంది ఏమిటంటే, ఆడిషన్ నాటికి తేలిగ్గా పలికిన పై స్వరాలు ఇప్పుడు పలకడం లేదు. పాట మధ్యలో గొంతు ఉన్నట్టుండి జారిపోతుంది, లేదంటే కీచుమంటుంది. మాట్లాడేటప్పుడు కూడా అప్పుడప్పుడు ఇలాగే జరుగుతోంది. అందువల్ల అందరూ కలిసి పాడే చోట, పైకి వెళ్లే స్వరాలు రాగానే పెదవులు మాత్రం కదిపి ఊరుకుంటున్నాను. సంగీతం నేర్పే మేడమ్‌కు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే నన్ను తీసేస్తారేమోనని భయంగా ఉంది.

రెండో ఇబ్బంది సమయం. తరగతులు అయ్యాక రిహార్సల్, ఆ తర్వాత ఇల్లు, ఆ తర్వాత హోంవర్క్. అన్నీ ముగించి పడుకునేసరికి చాలా పొద్దుపోతోంది. "వెనక వరసలో నిలబడి పాడేదానికి చదువెందుకు పాడు చేసుకోవాలి?" అని నాన్నగారు అడుగుతున్నారు. ఆయన కోపంతో అడగడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నారు, అందుకే ఆ మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. రిహార్సల్ హాల్లో అడుగు పెట్టగానే రోజంతా లేని ఉత్సాహం వస్తుందని మాత్రమే నేను చెప్పగలుగుతున్నాను. ఈ పరిస్థితిలో కొనసాగడం మంచిదా, ఇప్పుడే తప్పుకుని గొంతు కుదిరాక వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (గాత్ర శిక్షకురాలు)

బాబూ, ముందుగా నీ గొంతు సంగతి మాట్లాడుకుందాం, మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నీ గొంతుకు వచ్చిన ముప్పేమీ లేదు, అది పెరుగుతోంది. ఈ వయసులో స్వరపేటిక పెద్దదవుతుంది, అందులోని స్వరతంతువులు పొడవు, మందం పెంచుకుంటాయి. చిన్నపిల్లలు మాట్లాడేటప్పుడు ఆ తంతువులు సెకనుకు సుమారు 250 సార్లు కంపిస్తే, ఎదిగిన మగవారిలో ఆ సంఖ్య 100 నుంచి 130 ప్రాంతానికి వస్తుంది. అంటే మొత్తం మీద దాదాపు ఒక స్థాయి (కింది స నుంచి పై స వరకు ఉండేంత దూరం) కిందికి దిగడం అన్నమాట. ఇన్నేళ్లుగా చిన్న తంతువులను నడపడానికి అలవాటుపడిన కండరాలు కొత్త పొడవుకు, కొత్త బరువుకు సర్దుకోవడానికి కొన్ని నెలలు తీసుకుంటాయి, ఆ సర్దుబాటు పూర్తికాని చోటే గొంతు జారుతుంది. ఆడపిల్లల గొంతు కూడా ఈ వయసులో మారుతుంది గానీ, ఆ మార్పు రెండు మూడు స్వరాల మేరకే ఉండటం వల్ల ఎవరూ పట్టించుకోరు. గాలి కలిసినట్టుగా, పలచగా వినిపించే గొంతుతో ఇబ్బందిపడే అమ్మాయిలు మీ కోరస్‌లోనూ ఉండే ఉంటారు.

పాడేటప్పుడు ఈ తంతువులు ఎలా కదులుతాయో 1854లో చిన్న అద్దం సాయంతో తన గొంతులోనే చూసుకున్న మాన్యుయెల్ గార్సియా వృత్తిరీత్యా గాత్ర గురువు. వైద్యులకు ఆ దారి చూపినవాడు పాట నేర్పేవాడు కావడం మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ గర్వకారణం. ఆ తర్వాత 1970లలో జాన్ కుక్సీ అనే కోరస్ బోధకుడు మగపిల్లల గొంతు ఏయే దశల్లో మారుతుందో వివరంగా నమోదు చేశాడు. ఇదంతా చెప్పడం ఎందుకంటే, నీకు జరుగుతున్నది మీ మేడమ్‌కు కొత్త విషయం కాదు. హైస్కూలు పిల్లలకు పాట నేర్పే ఎవరైనా ప్రతి ఏడాదీ ఇలాంటి గొంతులను చూస్తూనే ఉంటారు.

కాబట్టి మొదట చేయవలసిన పని ఆమెకు చెప్పడం. అది కూడా "నాకు రావడం లేదు" అని కాకుండా, వివరంతో చెప్పాలి. పియానో గానీ కీబోర్డు గానీ ముందు పెట్టుకుని, హాయిగా పలికే అతి కింది స్వరం ఏదో, అతి పై స్వరం ఏదో చూసి, తేదీ వేసి కాగితం మీద రాసుకో. వారానికోసారి మళ్లీ చూడు. ఆ కాగితం చేతిలో ఉంటే ఆమె నిన్ను ఏ భాగంలో నిలబెట్టాలో అక్కడికక్కడే తేల్చగలుగుతారు. సాధారణంగా కోరస్ పాటలను మూడు నాలుగు గొంతుల భాగాలుగా రాస్తారు. పిల్లవాడిని ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మార్చడం సంగీత దర్శకులు రోజూ చేసే పనే. నాటకంలోని మాటలనో, పాటల సాహిత్యాన్నో మార్చాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి కావాలి, అందువల్ల ఆ దిశగా సర్దుబాటు ఆశించవద్దు.

పెదవులు మాత్రం కదపడం మానెయ్యమని గట్టిగా చెబుతున్నాను. పక్కన నిలబడినవాడు నీ గొంతును ఆనుకుని పాడుతుంటాడు. నువ్వు ఆగిపోయినప్పుడు వాడు ఇంకా గట్టిగా అరవాల్సి వస్తుంది, అలా వాడి గొంతు కూడా దెబ్బతింటుంది. మీ మేడమ్‌కు కూడా భాగాల బలాబలాలు తప్పుగా వినిపిస్తాయి.

ఇంట్లో సాధనకు ఒక పద్ధతి చెబుతాను. ఒక గ్లాసులో నాలుగు వేళ్ల మందం నీళ్లు పోసి, అందులో స్ట్రా కొస ముంచి, పెదవులు స్ట్రా చుట్టూ బిగించి, "ఊ" అంటూ పై నుంచి కిందికి మెల్లగా జారు. నీళ్లలో బుడగలు ఒకే తీరుగా వస్తుంటే శ్వాస సమంగా ఉన్నట్టు. బుడగలు ఆగి ఆగి వచ్చిన చోటు గుర్తుపెట్టుకో, నీ గొంతు జారేది అక్కడే. అక్కడ బలం పెట్టకుండా, చిన్న గొంతుతో నెమ్మదిగా ఆ మలుపు దాటడం నేర్చుకోవాలి. రోజుకు కొద్ది నిమిషాలు చాలు. గొంతు అలిసినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు చాలామంది, చాలా గొంతులకు అది ఇంకా శ్రమ. మాట్లాడకుండా ఉండటమే అసలైన విశ్రాంతి. పాడుతుంటే నొప్పి వస్తే వెంటనే ఆపాలి. బొంగురు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యులకు చూపించాలి.

సమాధానం 2 (స్కూల్ నాటకాలకు స్టేజ్ మేనేజర్‌గా పనిచేసిన కాలేజీ విద్యార్థిని)

తమ్ముడూ, గొంతు గురించి పైన శిక్షకురాలు గారు చెప్పిన దానికి నేను కలపగలిగింది ఏమీ లేదు. మీ నాన్నగారి ప్రశ్నకు మాత్రం వింగ్స్‌లో, అంటే వేదిక పక్కన తెరల చాటున నిలబడి చూసిన దాన్ని బట్టి జవాబు చెప్పగలను.

ప్రేక్షకులకు కోరస్ అంటే వెనక వరస. తెర వెనక ఉన్నవాళ్లకు నాటకం నడిచే కాలమానం కోరస్సే. హీరోయిన్ ఒక పాటకు, తర్వాతి పాటకు మధ్య దుస్తులు మార్చుకోవాలంటే ఆమెకు దొరికే వ్యవధి మీ కోరస్ పాడే చరణమే. ఆ చీకట్లో ఏం జరుగుతుందో చెబుతాను. వేసుకోవలసిన ప్యాంటును గుండ్రంగా మడతలు పెట్టి నేల మీద ఉంచి, దాని కాళ్ల రంధ్రాల మధ్య బూట్లు ముందుగానే పెట్టి ఉంచుతాం. బూట్లకు తాళ్లకు బదులు ఎలాస్టిక్ ఉంటుంది, చొక్కాకు పైకి గుండీలు కనిపిస్తాయి గానీ లోపల వెల్క్రో ఉంటుంది. నటుడు వచ్చి నేరుగా బూట్లలోకి దిగితే ఒకరు ప్యాంటు పైకి లాగుతారు, ఇంకొకరు చొక్కా తొడుగుతారు, మూడోవారు మైకు తీగ చిక్కుపడకుండా పట్టుకుంటారు. మీరు చరణాన్ని పరుగెత్తించి పాడితే ఆ ముగ్గురి పనీ మధ్యలో ఆగిపోతుంది.

నృత్యాల సంగతి కూడా అంతే. వేదిక అంచున మధ్యలో సున్నా, దానికి అటూ ఇటూ రెండు, నాలుగు, ఆరు అని అంకెలు రాస్తారు కదా, మీలో ప్రతి ఒక్కరికీ ఒక అంకె ఉంటుంది. ఆరు మీద ఉండాల్సినవాడు నాలుగు మీదికి జరిగితే, లైటు బయట ఇంకొకడు చీకట్లో మిగిలిపోతాడు, లేదా కదిలి వస్తున్న సెట్టుకు అడ్డం నిలబడతాడు. అందుకే నేను స్టేజ్ మేనేజర్‌గా ఉన్నప్పుడు ముఖ్యపాత్రధారి సెలవు పెడితే అంత కంగారు పడేదాన్ని కాదు, ఎందుకంటే ఆ పాత్ర నేర్చుకుని ఉన్న అండర్‌స్టడీ సిద్ధంగా ఉండేవాడు. కోరస్‌లో ఒకరు రాకపోతే మాత్రం ఆ రోజు సగం రిహార్సల్ ఖాళీలు పూడ్చుకోవడానికే సరిపోయేది.

అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. తప్పుకోవాలనుకుంటే ఇప్పుడే తప్పుకో. లైట్లు, సౌండు, సెట్టు అన్నీ కలిపి చూసుకునే టెక్ వీక్ మొదలయ్యాక వెళ్లిపోతే, మొత్తం నృత్యాలను మళ్లీ పేర్చుకోవలసి వస్తుంది. ఉండాలనుకుంటే టెక్ వీక్‌లో రాత్రి వరకూ ఉండాల్సి వస్తుందని ఇంట్లో ముందే చెప్పు. ఆ వారంలో ఒక్కో క్యూ (లైటు, సౌండు, సెట్టు మార్చమనే సంకేతం) సరిచేసుకోవడానికి పదే పదే ఆగుతారు, కోరస్ వాళ్లు ఎక్కువసేపు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ ఖాళీలు ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి కాబట్టి, పెద్ద పాఠం చదవడానికి పనికిరావు. లెక్కలు, పదజాలం, చిన్న చిన్న ప్రశ్నల వంటివి వెంట తీసుకెళ్తే చాలావరకు అక్కడే పూర్తవుతాయి. హెడ్‌సెట్‌లో "స్టాండ్‌బై" (సిద్ధంగా ఉండండి) అనే మాట వినిపించిందంటే మాత్రం పుస్తకం మూసెయ్యాలి.

సమాధానం 3 (ఉపాధ్యాయుడు, కోరస్‌లో పాడిన అమ్మాయికి తండ్రి)

నాన్నా, మీ నాన్నగారి స్థానంలో ఉన్నవాడిగా రాస్తున్నాను. ఏ వరసలో నిలబడ్డావన్నది నాకు పెద్ద విషయం కాదు, ఎన్ని గంటలు నిద్రపోతున్నావన్నదే నా ప్రశ్న. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్ర వైద్యనిపుణుల సంఘం 2016లో సూచించింది. ఈ వయసులో శరీరమే నిద్రవేళను వెనక్కి జరుపుతుంది కనుక, రాత్రి పొద్దుపోయాక కూడా పిల్లలకు నిద్ర రాదు, ఉదయం బడి మాత్రం ఆగదు. రిహార్సల్ ఉన్న రోజున ఆ కోత మరింత పెరుగుతుంది.

ఇది నాటకానికీ నష్టమే. నేర్చుకున్న వెంటనే నిద్రపోయినవారు, అంతే సమయం మెలకువగా ఉన్నవారి కంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారని జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు 1924లోనే చూపించారు. కాబట్టి హోంవర్క్ ముగించి, చివరి కాసేపు పాట సాహిత్యాన్ని కాగితం మూసి మనసులో చెప్పుకుని, తప్పిన చోట మాత్రమే తెరిచి చూసి, దీపం ఆర్పి పడుకో. మళ్లీ మళ్లీ చదవడం కంటే మూసి చెప్పుకోవడమే బలంగా పనిచేస్తుంది, తరగతి గదిలో నేను రోజూ చూసేది కూడా అదే.

మీ నాన్నగారికి మాటలతో కాక కాగితంతో జవాబు చెప్పమని నా సలహా. రిహార్సల్ తేదీలు, పరీక్షల తేదీలు, ప్రాజెక్టులు ఇవ్వాల్సిన రోజులు ఒకే క్యాలెండరు మీద వేసి ఆయన ముందు పెట్టు. రెండూ ఢీకొనే వారాలు ఏవో ఇద్దరూ కలిసి చూడండి. ఏ పరిస్థితిలో నాటకం వదులుకోవాలో కూడా ముందే ఒప్పందం చేసుకోండి. మార్కులు నిజంగానే పడిపోతూ, నిద్ర కూడా కుదరకపోతే, స్టేజ్ మేనేజర్ అమ్మాయి చెప్పిన నష్టం ఎంత ఉన్నా సరే, నేను నా బిడ్డను ఆపుతాను. ఇక్కడ మాత్రం ఆమెతో నాకు ఏకీభావం లేదు. నీ విషయంలో అంతదూరం వచ్చిందని నాకు అనిపించడం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కాగితం మీద రాసుకుని వెళ్లి మేడమ్‌తో మాట్లాడాను. ఆమె నన్ను కింది భాగంలోకి మార్చారు, తీసేసే మాటే రాలేదు. నాన్నగారు క్యాలెండరు చూసి, పరీక్షల ముందు వారం శనివారం రిహార్సల్‌కు వెళ్లకుండా ఉండటానికి ముందే అనుమతి అడగమన్నారు, నాటక దర్శకుడు ఒప్పుకున్నారు. సమాధానం 1 రాసిన శిక్షకురాలు గారికి ఒక ప్రశ్న. కొత్త భాగంలో మరీ కింది స్వరాలు కూడా నాకు అందడం లేదు. పైనా లేదు, కిందా లేదు. మధ్యలో కొన్ని స్వరాలే మిగిలాయి. ఇది మామూలేనా?

సమాధానం 1 రాసిన శిక్షకురాలు

మామూలే బాబూ. పై స్వరాలు వెళ్లిపోయి, కింది స్వరాలు ఇంకా స్థిరపడని దశ ఒకటి ఉంటుంది. ఆ సమయంలో హాయిగా పాడగలిగే పరిధి ఒక స్థాయి కంటే తక్కువకు కుదించుకుపోవచ్చు. మీ మేడమ్‌తో కూర్చుని పాటల పుస్తకంలో నువ్వు పాడే స్వరాలకు, ఆగే స్వరాలకు వేర్వేరు గుర్తులు పెన్సిల్‌తో పెట్టుకో. అద్దెకు వచ్చిన పుస్తకమైతే ప్రదర్శనల తర్వాత అవన్నీ చెరిపి ఇవ్వాల్సి ఉంటుంది. ఆమెకు తెలిసి ఆగడం, పక్కవాడికి కూడా తెలిసి ఆగడం వేరు, అందులో తప్పేమీ లేదు. ఆగిన చోట కూడా శ్వాస మాత్రం అందరితో పాటే తీసుకో, అప్పుడే తర్వాతి పంక్తిలో సరైన చోట కలుస్తావు. ప్రదర్శనకు రెండు వారాల ముందు మళ్లీ పరిధి చూసుకుని ఆ గుర్తులను సరిచేయండి, అప్పటికి కింద ఒకటి రెండు స్వరాలు కొత్తగా చేరి ఉండవచ్చు.