డచ్ పత్రిక పేరులో ‘కురంట్’: దీన్ని ‘పత్రిక’ అనేస్తే సరిపోతుందా?

పదాన్వేషి: నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్లాండ్ అనే ప్రాంతం ఉంది, దాని రాజధాని లేవార్డెన్. 1752 జులై 29, శనివారం నాడు అబ్రహామ్ ఫెర్వెర్డా అనే పుస్తక వ్యాపారి అక్కడ ‘లేవార్డర్ కురంట్’ మొదలుపెట్టాడు. మొదటి పేరుతోనే నేటికీ వస్తున్న డచ్ దినపత్రికల్లో ఇదే పాతది. దీని చరిత్ర తెలుగులో రాసేటప్పుడు పేరును ‘లేవార్డర్ పత్రిక’ అని తెనిగించవచ్చా? పెద్దలు చెప్పగలరు.

నిఘంటుప్రియ: వద్దండీ. డచ్‌లో మన ‘పత్రిక’కు అచ్చంగా సరిపోయే మాట వేరే ఉంది, అది ‘బ్లాట్’. చెట్టు ఆకూ బ్లాటే, కాగితపు రేకూ బ్లాటే. మన పత్రం లాగానే. బహువచనంలో మాత్రం దారులు వేరవుతాయి: చెట్టు ఆకులైతే ‘బ్లాడెరన్’, కాగితాలూ పత్రికలూ అయితే ‘బ్లాడన్’. మనం కొమ్మనున్నవాటిని ఆకులనీ, ఆఫీసులో ఇచ్చేవాటిని పత్రాలనీ అంటాం కదా, అలాగన్నమాట. ‘దాహ్’ అంటే రోజు కనుక ‘దాహ్‌బ్లాట్’ అక్షరాలా దినపత్రమే. వేక్‌బ్లాట్ వారపత్రం, మాంట్‌బ్లాట్ మాసపత్రం, నియూస్‌బ్లాట్ వార్తాపత్రం. లేవార్డెన్‌లోనే 1903లో పుట్టిన రెండో పత్రిక పేరు ‘ఫ్రీస్ దాహ్‌బ్లాట్’. కురంట్‌నూ పత్రిక అనేస్తే ఒకే ఊరి రెండు పేర్ల మధ్య తేడా తెలుగులో మాయమైపోతుంది.

పదాన్వేషి: అయితే కురంట్‌కు అసలు అర్థం?

నిఘంటుప్రియ: ఫ్రెంచిలో ‘పరుగెత్తు’ అనే క్రియకు వర్తమానకాల రూపం: పరుగెత్తుతున్నది, నడుస్తున్నది. దాని వెనక ఉన్నది లాటిన్ ‘కుర్రెరె’. 1618లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాస్పర్ వాన్ హిల్టెన్ వేసిన తొలి డచ్ వార్తాపత్రం పేరే ‘కురంటె’తో మొదలవుతుంది: ఇటలీ, జర్మనీ వగైరా నుంచి వచ్చిన కురంటె అని. ఒక్కటే పెద్ద కాగితం, రెండు కాలమ్‌లు, మొదట్లో ఒకవైపే అచ్చు. ఈ మాట నోట్లో అరిగి అరిగి ‘క్రంట్’ అయింది. ఇప్పుడు డచ్చివాళ్లు మాటల్లో పేపరును క్రంట్ అనే అంటారు. పాత నిండు రూపం పత్రికల పేర్లలో నిలిచిపోయింది.

ఒక జాగ్రత్త. నేటి డచ్‌లో ‘కురంట్’ విశేషణం కూడా. సరుకు గురించి అంటే ‘బాగా అమ్ముడుపోయేది’ అని. ‘ఇన్‌కురంట్’ సైజు అంటే అడిగేవాళ్లు తక్కువగా ఉండే సైజు. నిఘంటువులో ముందు ఈ అర్థమే కంటపడితే పత్రిక పేరును ‘గిరాకీ’ వైపు లాగే ప్రమాదం ఉంది.

బందరు పాఠకుడు: ‘నడుస్తున్నది’ వార్త కావడం మనకు కొత్తేమీ కాదు. ‘వర్తమానం’ చూడండి. సంస్కృతంలో ‘జరుగు’ అనే అర్థమున్న వృత్ ధాతువుకు, ‘-తున్న’ అనే అర్థమిచ్చే శానచ్ ప్రత్యయం చేరిన రూపం, అంటే సరిగ్గా కురంట్ లాంటి వ్యాకరణ రూపమే. అర్థం ‘జరుగుతున్నది’. తెలుగులో అదే కబురు అయింది: ‘ఊరి నుంచి వర్తమానం వచ్చింది’ అంటాం. వార్త, వృత్తాంతం కూడా ఆ ధాతువు పిల్లలే. 1842లో మద్రాసు నుంచి వచ్చిన తెలుగు వారపత్రిక పేరు ‘వర్తమాన తరంగిణి’. ఆ పేరులో జరుగుతున్నదీ ఉంది, పారే ఏరూ ఉంది. కురంట్‌కు ఇంతకంటే దగ్గరి మాట నాకైతే కనబడదు. అర్థం చెప్పవలసిన చోట ‘లేవార్డెన్ వర్తమానం’ అనండి, హాయిగా ఉంటుంది.

మా బందరుకు డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే వచ్చారు. ‘హోలాండా’ నుంచి ‘వలందా’ పుట్టి, వలందపాలెం పేరులో ఇంకా బతికే ఉంది. కురంట్ మాత్రం మన భాషలోకి దిగలేదు. 1902లో ఇదే ఊళ్లో పత్రిక పెట్టినప్పుడు ‘కృష్ణా పత్రిక’ అన్నారు.

నిఘంటుప్రియ: ‘లేవార్డెన్ వర్తమానం’ బాగుంది. ఆ ‘లేవార్డర్’ దగ్గర కూడా తప్పు జరుగుతుంటుంది, ఊరి పేరే లేవార్డర్ అనుకుంటారు. ఊరు లేవార్డెన్. చివరి ‘ఎన్’ పోయి ‘ఎర్’ చేరితే ‘ఆ ఊరి’ అని అర్థం. గుంటూరు ‘గుంటూరి’ అయినట్టు. ఖ్రోనింగెన్ కూడా ఇలాగే ‘ఖ్రోనింగర్’ అవుతుంది. హార్లెమ్, రోటర్‌డామ్ లాంటివాటికి ‘ఎర్’ కాదు, ‘స్’ చేరుతుంది.

పదాన్వేషి: వ్యాసం పేరు ‘లేవార్డర్ కురంట్’ అనే ఉంచి, మొదటి వాక్యంలో ‘అంటే లేవార్డెన్ వర్తమానం’ అని రాస్తాను. 1752 నుంచి సంచికలు డిజిటల్ రూపంలో ఉన్నాయి కదా, పాతవాటిలో వెతికితే ఫలితాలు సరిగా రావడం లేదు. ఎందుకంటారు?

నిఘంటుప్రియ: రెండు కారణాలు. ఒకటి వర్ణక్రమం. పాత సంచికల్లో ఫ్రీస్లాండ్‌ను ‘వి’తో ‘వ్రీస్లాండ్’ అనీ రాసేవారు, కాబట్టి రెండు రూపాలూ వెతకాలి. ‘ఫ్రీస్’ లాంటి విశేషణాల చివర ‘ఎస్ సి హెచ్’ అని మూడు అక్షరాలు ఉండేవి. 20వ శతాబ్దపు సంస్కరణల్లో అది ఒట్టి ‘ఎస్’గా మిగిలింది. ‘ఫ్రీస్ దాహ్‌బ్లాట్’ మాత్రం పేరులో ఆ పాత మూడక్షరాలను అలాగే ఉంచుకుంది. రెండోది అచ్చు. 18వ శతాబ్దపు పొడవు ‘ఎస్’ చూడ్డానికి ‘ఎఫ్’ లాగే ఉంటుంది, పాత పుటలను అక్షరాలుగా మార్చే యంత్రం దాన్ని ఎఫ్ అనే చదివేస్తుంది. మాట మధ్యలో ఎస్ ఉంటే ఆ చోట ఎఫ్ పెట్టి ఇంకోసారి వెతకండి. మాట చివర మామూలు ఎస్సే వాడేవారు, అక్కడ మార్చనక్కర్లేదు.