కోనసీమలో గాలం వేయడానికి ఆగస్టులో రావచ్చా? పులస పడుతుందా?

గాలంగాడు_హైదరాబాద్:

నమస్తే అందరికీ. మేం నలుగురు ఫ్రెండ్స్, ఆదివారం వస్తే సిటీ చుట్టుపక్కల చెరువుల మీద పడి కొరమీనుకో బొచ్చెకో గాలం వేసుకుని కూర్చునే బాపతు. ఉప్పునీళ్ళలో ఎప్పుడూ వేయలేదు. ఆగస్టు 15కి సెలవులు కలిసొస్తున్నాయి కాబట్టి ఈసారి అంతర్వేది వద్దామనుకుంటున్నాం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు, ఆ అన్నాచెల్లెళ్ళ గట్టు వీడియోల్లో చూసినప్పటి నుంచి మావాళ్ళు నిలవనివ్వడం లేదు. పైగా అది పులస టైము కూడా కదా, ఒక్క పులస మా గాలానికి పడితే చాలు, ఆఫీసులో ఏడాది పాటు చెప్పుకుంటాం.

ప్లాన్ ఇదీ: నరసాపురం దాకా రైలు, అక్కడ పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి ఆటోలో అంతర్వేది, మొగలో, అంటే నది సముద్రంలో కలిసే చోట, పడవ మీద ఒక రోజంతా. మర్నాడు కోరంగి మడ అడవుల్లో గాలం, సాయంత్రం యానాం (ఎందుకో అడక్కండి). అడగాల్సినవి చాలా ఉన్నాయి. రాడ్ ఎలాంటిది తేవాలి, ఎర ఏం వాడాలి, పడవ ఎలా మాట్లాడుకోవాలి, బస ఎక్కడ? నాకు ఈత వచ్చు, మిగతా ముగ్గురికీ రాదు. మా ఆవిడకి ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి టెన్షనే టెన్షన్.

రాజోలు_లంక:

ఆయ్, రండి, మా ఊరు వస్తానంటే కాదంటామా. కానీ గాలం పట్టుకుని ఆగస్టులో మాత్రం రాకండి.

మీరు చెప్పిన రోజుల్లో గోదారి మామూలుగా ఉండదండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి హెచ్చరిక, 13 లక్షలైతే రెండోది, 17 లక్షలైతే మూడోది. వరద జోరుగా ఉంటే పంటు ఆపేస్తారు, లంక ఊళ్ళవాళ్ళకే పడవల మీద రాకపోకలు. నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉంటాయి, అందులో చెట్ల మొదళ్ళు కొట్టుకొస్తుంటాయి, మీ సీసం గుండు అడుక్కి చేరేలోపు దారం ఎటో పోతుంది. వరద నీళ్ళు మొగ దాకా తియ్యగా అయిపోతాయి కాబట్టి ఉప్పునీటి చేప కూడా కిందికి జరిగిపోతుంది.

ఇక పులస. పుస్తెలమ్మైనా తినాలన్నారు గానీ గాలం వేసి పట్టాలని ఎవరూ అనలేదండి. సముద్రంలో ఉన్నప్పుడు అది మామూలు ఇలస, వరద రాగానే గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతూ ఆనకట్ట దాకా వస్తుంది. అది నీళ్ళలో తేలే సన్నటి నాచూ పురుగూ వడగట్టుకుని తినే చేప, మీ ఎర వంక చూడను కూడా చూడదు. ఇక్కడ పట్టేదంతా వలలతోనే. గాలానికి పులస పడిందని ఎవరైనా ఫొటో పెడితే, ఆ గాలం ఫొటో కోసం తగిలించిందే అనుకుంటాను నేను.

పులస తినాలనుంటే ఆగస్టులోనే రండి, రాడ్లు ఇంట్లో పెట్టి రండి. బజార్లో కొనేటప్పుడు మాత్రం తెలిసిన మనిషిని పక్కన పెట్టుకోండి, ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో వచ్చిన ఇలసని కూడా గోదారి పులసే అని అంటగట్టేస్తారు. అసలుదైతే ధర వేలల్లో ఉంటుంది, బేరం ఆడినా పెద్దగా దిగదు. బెండకాయలు వేసి పులుసు పెట్టించుకుని, ఆ పూట ఆగి మర్నాడు తినండి.

గాలానికైతే సంక్రాంతి వెళ్ళాక, ఫిబ్రవరి, మార్చి. సముద్రం నిమ్మళంగా ఉంటుంది, నీళ్ళు తేటపడతాయి. అప్పటికి పైనుంచి వచ్చే నీళ్ళు బాగా తగ్గిపోయి ఉప్పునీళ్ళు పాయల్లోకి చాలా దూరం ఎక్కుతాయి, వాటితో పాటు పండుగప్ప చేపా ఎక్కుతుంది. ఏప్రిల్ దాకా సాగదీయకండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఇంజన్ పడవలు కదలవు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 తుపాను పేరు చెబితే ఇక్కడ ముసలాళ్ళు ఇప్పటికీ మాట మారుస్తారు, ఆ నెలల్లో అయితే టికెట్లు కొనేముందు ఆలోచించుకోండి.

కాకినాడ_రీల్:

పై అన్నగారు చెప్పినదంతా కరెక్ట్. సామాన్ల గురించి నేను చెబుతాను.

మీ గురి పండుగప్ప మీద పెట్టండి. మాగ, గొరక కూడా తగులుతాయి గానీ రాడ్ వంచి పరుగు తీసే చేప అదే. ఏడు ఎనిమిది అడుగుల రాడ్, 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం, దాని చివర కనీసం 40 పౌండ్ల లీడర్, అంటే ముల్లుకి ముందు కట్టే మందపాటి దారం, రెండు మూడడుగులు. లీడర్ ఎందుకంటే పండుగప్ప మొప్పల మీది రేకు అంచు బ్లేడులా ఉంటుంది, తల విదిలించిందంటే సన్న దారం పుటుక్కున తెగుతుంది. వేళ్ళకీ అదే గతి, కాబట్టి మొప్పల్లో చెయ్యి పెట్టి ఎత్తకండి, కింది దవడని గ్రిప్పర్‌తో పట్టుకోండి.

ఎరకి బతికున్న రొయ్యని మించింది లేదు. రొయ్య తల మీద కొమ్ము ఉంటుంది కదా, దాని మొదట్లో నల్లగా మచ్చలాంటిది కనిపిస్తుంది. ముల్లు ఆ నల్లమచ్చకి తగలకుండా, దానికి ముందువైపు, కొమ్ము కింద గుచ్చాలి. మచ్చలో గుచ్చితే రొయ్య అక్కడికక్కడే చచ్చి తెల్లబడిపోతుంది. పక్కగా గుచ్చితే మాత్రం చాలాసేపు నీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ తిరుగుతుంది, పండుగప్పకి కావలసింది ఆ కదలికే. చెరువులో వాడే కప్ప లూర్లు (ఉత్తుత్తి ఎరలు) ఇంట్లోనే వదిలేయండి, చిన్న చేప ఆకారంలో ఉండే లూర్లు రెండు మూడు తెచ్చుకుంటే చాలు.

ఎక్కడ వేయాలి అంటే, మొగ నడిమధ్యలో కాదు. మడచెట్ల మధ్య నుంచి సన్న పాయలు వచ్చి పెద్ద పాయలో కలుస్తుంటాయి చూడండి, ఆ కలిసే మూల దగ్గర. పోటు మీద నీళ్ళు ఎక్కినప్పుడు చిన్న చేపా రొయ్యా మడవేళ్ళలోకి పోయి దాక్కుంటాయి. పాటు మొదలై నీళ్ళు దిగేటప్పుడు అవన్నీ ఆ సన్న దారిలోంచే బయటికి రావాలి, పండుగప్ప ఆ గుమ్మం దగ్గర నోరు తెరుచుకుని కాచుకుని ఉంటుంది. పాటు మొదటి రెండు గంటలూ తెల్లవారుజామున పడే రోజు దొరికిందంటే ఇంక మీ ఇష్టం.

అందుకే సెలవులు చూసి కాదు, తిథి చూసి రండి. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గరలో పోటు పెద్దది, జోరు ఎక్కువ, నీళ్ళు బురదగా ఉంటాయి. అష్టమికి నీళ్ళు అసలు కదలవు. రెండిటికీ మధ్య పంచమి, ఏకాదశి ఆ ప్రాంతం బాగుంటుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, లెక్క వేసుకోండి. అంత ఓపిక లేకపోతే మీ హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, వాళ్ళ సైట్‌లో పోటు సమయాలూ పెద్ద కెరటాల హెచ్చరికలూ రెండూ దొరుకుతాయి.

కోరంగిలో గాలం సంగతి మర్చిపోండి. అది అభయారణ్యం, అక్కడ వేట హక్కు నీటిపిల్లులది, మనది కాదు. అటవీశాఖ వాళ్ళ పడవ ఎక్కి చెక్కవంతెన మీద నడిచి రావడమే. అంతర్వేది నుంచి అక్కడికి బోడసకుర్రు దగ్గర వైనతేయ, ఎదుర్లంక దగ్గర గౌతమి దాటి రావాలి, సగం రోజు రోడ్డు మీదే పోతుంది. యానాం దారిలోనే తగులుతుంది లెండి, ఆ బాధ లేదు.

పల్లిపాలెం_వల:

మాది వేట కుటుంబం, మా నాన్న ఇప్పటికీ నది మీదే ఉంటాడు. కాకినాడ అన్న చెప్పిన తిథి లెక్క మాకు నడవదు. మాకు చేప బాగా పడేది అమావాస్య పున్నాలకే, అష్టమి నవములకి వలలు బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చుంటాం. వలకి జోరు కావాలి. గాలానికి ఎర నిలబడాలి కాబట్టి మీకు మీ లెక్కే కరెక్ట్ అయ్యుండొచ్చు, కానీ పడవవాడు పున్నానికి రమ్మంటే మోసం చేస్తున్నాడనుకోకండి, అతను తనకి తెలిసిన మంచి రోజే చెబుతున్నాడు.

అసలు చెప్పాల్సింది మొగ గురించి. మొగలో ఇసుక మేట ఉంటుంది, అది ఒకచోట ఉండదు, వరదకీ తుపానుకీ జరుగుతుంటుంది. పోయినేడు పడవ తిరిగిన దారిలో ఈ ఏడు మోకాల్లోతు ఉండొచ్చు. పాటు మీద నది బయటికి తోస్తుంటుంది, ఎదురుగా సముద్రం గాలి కొడుతుంటుంది, రెండూ మేట మీద కలబడితే కెరటం నిలువుగా లేస్తుంది. పడవలు తిరగబడేది అక్కడే. మేం పోటు నిండేటప్పుడే మొగ దాటుతాం, అదీ పొద్దున్నే, మధ్యాహ్నం గాలి పెరగకముందే. ఈత రానివాళ్ళు ముగ్గురిని పెట్టుకుని మీరు మొగ దాటనే వద్దు. లోపల పాయల్లోనే మీకు కావలసినంత చేప ఉంది. లైఫ్ జాకెట్లు పడవలో ఉంటాయనుకోకండి, మీవి మీరు తెచ్చుకోండి, పడవలో దిండులా వేసుకోకుండా ఒంటి మీద వేసుకోండి. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది గుర్తుంది కదా, అది ఎగువన, ఇది దిగువన, గోదారి అదే.

ఇంకో రెండు సంగతులు. ఒడ్డున మోకాల్లోతు నీళ్ళలో దిగేటప్పుడు పాదం ఎత్తి వేయకండి, నేలకి రాస్తూ జరపండి. బురదలో టేకు చేప పడుకుని ఉంటుంది, తొక్కితే తోక ముల్లు దింపుతుంది. జెల్ల పడినా వీపు మీది ముల్లు, పక్క ముళ్ళు చూసుకోండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెడితే నొప్పి లాగేస్తుంది, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళండి, ఉప్పూ పసుపూ అంటూ కూర్చోకండి.

ఒడ్డు మీద నిలబడి అలివి వల (ఒడ్డుకి లాగే పెద్ద వల) లాగుతుంటే ఆ దరిదాపుల్లో గాలం విసరకండి. మీ ముల్లు వలలో చిక్కుకుంటే దాన్ని విప్పేసరికి మా పూట గడిచిపోతుంది. సిటీ నుంచి వచ్చినవాళ్ళు ఒకసారి అలాగే చేసి పైగా మా మీదే అరిచారు. మీరు రావాల్సిన ఫిబ్రవరి, మార్చిలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, రాత్రి తీరంలో లైట్లు వేసి తిరగకండి. గాలానికి తాబేలు తగిలితే ముల్లు తీసి వదిలేయండి, పక్కన నిలబెట్టి ఫొటోలు కూడా వద్దు, కేసు అవుతుంది.

గాలంగాడు_హైదరాబాద్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఆగస్టు క్యాన్సిల్, కోరంగిలో గాలం క్యాన్సిల్, మొగ దాటడం కూడా క్యాన్సిల్. మా ఆవిడకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపిస్తే మీ ముగ్గురికీ నమస్కారాలు చెప్పమంది. పులస ఆశ పెట్టుకున్న మా ఫ్రెండ్ మాత్రం రెండ్రోజులుగా మాట్లాడటం లేదు.

ఫిబ్రవరిలో మాఘమాసం భీష్మ ఏకాదశి ప్రాంతంలో వస్తే ఎలా ఉంటుంది? కాకినాడ అన్న ఏకాదశి బాగుంటుందన్నారు కదా, నరసింహస్వామి దర్శనం కూడా అయిపోతుంది. బస అక్కడే దేవుడి సత్రంలో చూసుకుందామా?

రాజోలు_లంక:

తిథి మంచిదే గానీ ఆ రోజు అంతర్వేది తీర్థమండి! ముందు రోజు రాత్రి స్వామి కల్యాణం, ఏకాదశి నాడు రథం, లక్షల్లో జనం వస్తారు. పడవ కాదు కదా, కాలు పెట్టడానికి చోటుండదు. దర్శనానికే వస్తానంటే రండి, అది వేరే సంగతి. గాలానికైతే పౌర్ణమి దాటాక బహుళ పంచమి నుంచి చూసుకోండి, శివరాత్రికి ముందే ముగించేయండి, ఆ రోజు మళ్ళీ సముద్ర స్నానాలకి జనం దిగుతారు.

సత్రంలో దిగి చేపలు లోపలికి తెస్తామంటే గుమ్మంలోనే తిప్పి పంపేస్తారు. డిండిలో టూరిజం వాళ్ళ రిసార్టు ఉంది, వశిష్ఠ ఒడ్డునే, లేకపోతే రాజోల్లో లాడ్జీలున్నాయి. కారులో వస్తే పంటుతో పనిలేదు, పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటితే డిండే. పడవ మాత్రం ఫోన్లో మాట్లాడుకోకండి, ఒక రోజు ముందొచ్చి రేవులో నిలబడి పడవ చూసి, ఇంజను చూసి, మనిషితో మాట్లాడి కుదుర్చుకోండి. డీజిలు ఎవరిది, పడ్డ చేప ఎవరిది అన్నది ఎక్కేముందే తేల్చుకోవాలి.

కాకినాడ_రీల్:

చేప ఎవరిది అంటే గుర్తొచ్చింది. పండుగప్పలు చిన్నప్పుడు మగవి, ఏళ్ళు గడిచాక ఆడవిగా మారతాయి. అంటే మీకు పెద్దది పడిందంటే దాదాపు ఖాయంగా గుడ్లు పెట్టే తల్లి. దాన్ని ఫొటో తీసుకుని వదిలేయండి, రెండు మూడు కిలోలది ఇగురుకి ఉంచుకోండి, రుచి కూడా దానికే ఎక్కువ.

పల్లిపాలెం_వల:

వదిలేస్తే పడవవాడు మిమ్మల్ని పిచ్చోళ్ళని చూసినట్టు చూస్తాడు. ఎక్కేముందే ఆ మాట చెప్పేయండి, పెద్ద చేప వదిలినా అతని కూలి అతనికి వస్తుందని తెలిస్తే పేచీ ఉండదు.

గాలంగాడు_హైదరాబాద్:

సరే అండీ, బహుళ పంచమి ఫిక్స్. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి డిసెంబర్‌లో మళ్ళీ ఇక్కడే రాస్తాను, అప్పటికి మేట ఎటు జరిగిందో పల్లిపాలెం బ్రదర్ చెప్పాలి. లైఫ్ జాకెట్లు నాలుగు ఈ రోజే ఆర్డర్ పెట్టాను.