ఈ వారం సమస్య: "పూయకున్న చోట పూలు పూచె"

నిర్వాహకుడు:
ఎంగిలిపూల నాడు, అంటే బతుకమ్మ మొదటి రోజు పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఒక పిల్ల ఒళ్లో అట్ట పెట్టుకుని నీళ్ల రంగులతో గునుగు పూలు వేస్తుంటే చాలాసేపు వెనక నిలబడి చూశాను. పూలకు రంగే పెట్టలేదు. చుట్టూ నీలం, పచ్చ దిద్దుకుంటూ పోయింది, పూలు వాటంతటవే బయటపడ్డాయి. ఇంటికి చేరేలోపు ఈ పాదం నోట్లో తిరగడం మొదలైంది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. శరత్కాలపు పూలో, తోటో, నీళ్ల రంగులో, ఏదో ఒకటి పద్యంలో కనపడాలి.

పరకాల పద్యం:
అందరికంటే ముందు నాదే.

ఆడి పాడి రేయి అతివలు బతుకమ్మ
భద్రకాళి చెరువు పైన విడువ
విత్తు నాటలేదు వేరూనలేదందు
పూయకున్న చోట పూలు పూచె

నిర్వాహకుడు:
మూడో పాదం చాలా బాగుంది. మొదటి పాదంలో "రేయి అతివలు" అని విడిగా వదిలేశారు, అక్కడ యడాగమం (రెండు అచ్చుల మధ్య "య" చేరడం) రావాలి. "రేయి యతివలు" అంటే సరి. ఆ-య యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొంతన) కుదురుతుంది కాబట్టి భయం లేదు.

కాజీపేట కలం:
పరకాల అన్నా, నడక సాఫీగా ఉంది, కాదనను. కానీ ముడి విప్పకుండా పక్కనుంచి పోయావు. తెచ్చి వదిలిన పూలు నీళ్ల మీద తేలితే అది పూయడమెట్లా అవుతుంది? నేను ఆరు నెలల నుంచి నీళ్ల రంగులు నేర్చుకుంటున్నాను, నాకు నిజంగా జరిగిందే రాస్తున్నాను.

తడి సగమ్మె యార దబ్బున నొక చుక్క
కుంచె నుండి జారి కొంప ముంచె
నీరు రంగు నెట్ట నిండు రేకులు విచ్చి
పూయకున్న చోట పూలు పూచె

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. పరిచిన రంగు పూర్తిగా ఆరకముందు దాని మీద నీటిచుక్క పడితే, ఆ నీరు రంగును బయటికి తోసుకుంటూ పోతుంది. మధ్యలో పాలిపోయి, అంచున ముదురు గీత రంపపు పళ్లలా నిలబడుతుంది. చిత్రకారులు దాన్ని బ్లూమ్ అంటారు, అంటే పూతే కదా. కాలీఫ్లవర్ అని కూడా అంటారు. పూర్తిగా తడిగా ఉన్నప్పుడు పడితే కలిసిపోతుంది, పూర్తిగా ఆరాక పడితే అంతగా పట్టదు. ఆ సగం తడి దగ్గరే ప్రమాదమంతా.

పరకాల పద్యం:
"తడి సగమ్మె యార" బాగుంది, పనితనం తెలిసినవాడి మాట. మరి రెండో పాదంలో కొంప మునిగి మూడో పాదంలో రేకులు విచ్చితే ఎట్లా తమ్మీ? ఏడ్చావా, మురిసిపోయావా? ఇంకో మాట కూడా అనాలి. పోయిన శ్రావణంలో "ఎండ కురిసె" సమస్యకు నువ్విచ్చిన పూరణలో కూడా సరిగ్గా రెండో పాదం చివర ఇదే "కొంప ముంచె" ఉంది. అప్పుడు అందరూ మెచ్చుకున్నారని నేను ఊరుకున్నాను. అందులో మూడో పాదం యతి కూడా తప్పింది, "శనగ"కు "చేను" పెట్టావు.

కాజీపేట కలం:
శ-చ యతి చెల్లుతుంది అన్నా, నా తప్పు హల్లులో లేదు, అచ్చులో ఉంది. అకారానికి ఏకారం కుదరదు. ఆ రోజే ఒప్పుకుని "చాలు" అని మార్చాను, కింద చూడలేదు మీరు. "కొంప ముంచె" రెండోసారి వాడిన మాట నిజమే. కానీ ఇక్కడ అది పాదం నింపడానికి రాలేదు. చుక్క పడగానే గుండె గుభేలుమంది, రెండు గంటల పని. ఐదు నిమిషాలాగి చూస్తే అదే చేమంతిలా విచ్చుకుంది. ముందు ఏడ్చాను, తర్వాత మురిశాను. పద్యం కూడా అదే వరసలో నడిచింది.

గునుగుకంకి:
నమస్తే అందరికీ. కట్ట మీద కూర్చున్నది నేనే సార్! ఎవరో వెనక నిలబడ్డారని తెలుసు, తిరిగి చూస్తే కుంచె ఆగిపోతుందని చూడలేదు. ఛందస్సు ఈ ఏడాదే నేర్చుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి.

గునుగు కంకి చుట్టు కొండ నీడను దిద్ది
కాగితంపు తెలుపును కాచినాను
నీలిరంగు వెనుక నిండుగాఁ బూసితి
పూయకున్న చోట పూలు పూచె

నిర్వాహకుడు:
ఇదమ్మా నేను ఎదురుచూసిన పూరణ! "పూయు" అంటే పువ్వు పూయడమూ, రంగు పూయడమూ. మూడో పాదంలో "పూసితి" అని చెప్పి నాలుగో పాదానికి తాళంచెవి చేతికిచ్చావు. ఒక్క లఘువు (పొట్టి అక్షరం) ఎక్కువ పడింది. "తెలుపును" నాలుగు లఘువులయింది, అక్కడ సూర్యగణం (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు) కావాలి. "ను" తీసెయ్, అర్థం ఎక్కడికీ పోదు.

గునుగుకంకి:
"కాగితంపు తెలుపు కాచినాను". మార్చాను సార్, థాంక్స్.

కాజీపేట కలం:
చెల్లే, "కాచినాను" చూశావా? కావలి కాయడం ఒకటి, కాయ కాయడం ఇంకొకటి. రెండో పాదంలో కాత, నాలుగో పాదంలో పూత. ఇది నువ్వు అనుకునే రాశావా?

గునుగుకంకి:
లేదన్నా, మీరు చెప్పేదాకా తట్టలేదు. నేను చేనుకు కావలి ఉన్నట్టు అనే అర్థంలోనే రాశాను, ఎందుకంటే నిజంగా అట్లాగే ఉంటుంది పని. ఒక్కసారి తడి కుంచె లోపలికి జారిందంటే ఆ తెలుపు మళ్లీ పూర్తిగా రాదు.

పరకాల పద్యం:
పద్యం బాగుందమ్మా, మనస్ఫూర్తిగా అంటున్నా. ఒక్కటే సందేహం. అంత టెన్షన్ ఎందుకు, మొత్తం నీలం పూసేసి చివర తెల్లరంగుతో నాలుగు కంకులు పెడితే అయిపోదా?

గునుగుకంకి:
పెట్టొచ్చు సార్, చాలామంది పెడతారు. కానీ తెల్లరంగు దళసరి, సున్నం పెట్టినట్టు పైన కూర్చుంటుంది. నీళ్ల రంగు పల్చన, వెలుతురు దానిలోంచి పోయి కింది కాగితాన్ని తాకి వెనక్కి వస్తుంది, ఆ మెరుపంతా కాగితానిదే. గునుగు మరీ తెల్లగా కూడా ఉండదు. చేతిలో పెట్టుకుని చూడండి, కంకి కొన మీద గులాబీ, కిందికొచ్చేకొద్దీ వెండి తెలుపు. కాగితం వదిలేసి కొన దగ్గర మాత్రం తడి కుంచెతో పల్చటి గులాబీ తాకిస్తే చాలు. తంగేడుతోనే నాకు కష్టం. పక్కన నీలం ఆరకముందే పసుపు పెడితే రెండూ కలిసి పచ్చబడతాయి, అందుకని తంగేడు ముందు వేసి, ఆరాకే ఆకాశం జోలికి పోతాను. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే దళసరిది) వాడతాను, పల్చటిదైతే నీళ్లు తగలగానే ముడతలు పడుతుంది.

జగిత్యాల అక్క:
నాదొక పట్టు ఉంది. మా దగ్గర తంగేడు "పూసింది" అనే అంటం, "పూచింది" అని ఎవ్వరూ అనరు. నిర్వాహకులు "పూసె" అని ఇచ్చి ఉంటే ఆ శ్లేష చివరి మాటలో కూడా పండేది కదా. నేను అట్లనే రాస్తున్న, ఒప్పుకోండి.

మైన మద్ది ముందు మంచు చేమంతికి
మీద పసరు రంగు మెత్తినాను
అంటకుండ జారె నాకుపచ్చని నీరు
పూయకున్న చోట పూలు పూసె

నిర్వాహకుడు:
ఒప్పుకున్నానక్కా. ఇచ్చిన పాదం ముట్టకూడదనేది నియమం, కానీ మన ఊళ్ల మాటే అందులో ఎక్కువ వెలిగింది. "మెత్తినాను" కూడా మీ చేతినుంచి రావాల్సిన మాటే.

పరకాల పద్యం:
అక్కా, చేమంతి మీదుగా కూడా మెత్తినవు గద. మరి "పూయకున్న చోట" అని ఎట్లంటవు?

జగిత్యాల అక్క:
కుంచె పోయింది తమ్మీ, రంగు అంటలే. అంటనిది పూసినట్టు ఎట్లయితది? గోడకు సున్నం వేసినప్పుడు నూనె మరక మీద నిలవకపోతే ఆడ సున్నం వేసినమంటమా?

గునుగుకంకి:
అక్కా, నేను కొవ్వొత్తి ఒక్కసారి వాడి వదిలేశాను. తెల్ల కాగితం మీద తెల్ల మైనం రుద్దితే ఎక్కడ రుద్దామో కనపడక రేకులన్నీ వంకరయ్యాయి. మీరెట్లా చూసుకుంటారు?

జగిత్యాల అక్క:
కిటికీ దగ్గర అట్టను కొంచెం వాల్చి పట్టుకో బిడ్డా. రుద్దిన కాడ మెరుస్తది.