పగులు, బీట, నెర్రె, పెచ్చు: షోకేసులోని పింగాణీకి ఏ మాట?

పదాలపొది: డైనింగ్ హాల్లో అద్దాల వెనక పెట్టే పాత పింగాణీకి తెలుగులో జాబితా రాసేవాళ్లు క్రేజింగ్, చిప్, హెయిర్‌లైన్ మూడింటికీ "పగులు" అనే రాసేస్తున్నారు. విడివిడిగా మాటలున్నాయా? అసలు ఆ బీరువాని ఏమనాలి?

నెల్లూరుమాట: బీరువా సంగతి తేలికే. షోకేసు అంటే ఎవరికైనా తెలుస్తుంది. పెద్దవాళ్లు అద్దాల బీరువా అంటారు, గోడలో కట్టిందైతే అద్దాల అలమర. అలమర పోర్చుగీసు వాళ్లది, పింగాణీ పారసీ "పింగాన్" నుంచి వచ్చింది. వీటికి అచ్చతెలుగు మాట పుట్టించే పని పెట్టుకోవద్దు, ఎవరూ వాడరు.

మట్టిపని: మాటలకు లోటేం లేదండీ, కలిపేస్తున్నాం అంతే. క్రేజింగ్ అంటే నెర్రెలు. కాల్చాక చల్లారేటప్పుడు లోపలి మట్టికన్నా పైనున్న గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఎక్కువ కుంచించుకుంటే, ఎండిన చెరువు అడుగులా సన్నని గీతలు అల్లుకుంటాయి. కొన్నిసార్లు ఏళ్ల తర్వాత కూడా వస్తాయి, మట్టి తేమ పీల్చి ఉబ్బితే. గీతలు గ్లేజు వరకే. హెయిర్‌లైన్ అంటే బీట. అది అలా కాదు, మట్టిలోకీ దిగుతుంది. చిప్ అంటే పెచ్చు, అంచున ముక్క లేచిపోవడం. వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది.

బీటో కాదో తేలాలంటే పళ్లేన్ని విప్పిన వేళ్ల మీద నిలిపి గోటితో అంచు తట్టండి. బాగున్నదైతే ఖంగుమంటుంది, బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. పలచని పోర్సెలిన్ (నీరు పీల్చని మేలురకం పింగాణీ) అయితే వెనక నుంచి టార్చి వేసినా గీత కనిపిస్తుంది.

పదాలపొది: చూసేవాళ్లకి అంత తేడా అవసరమా అండీ?

మట్టిపని: చూసేవాళ్లకి కాదు, సర్దేవాళ్లకి. బీట ఉన్న పళ్లేన్ని గాడిలో నిలబెట్టకూడదు, బరువంతా అంచు మీదే పడుతుంది. గోడకు వేలాడదీసే స్ప్రింగు తీగైతే మరీ ప్రమాదం, అంచుల్ని లోపలికి లాగుతూనే ఉంటుంది. దాన్ని పడుకోబెట్టాల్సిందే. పెచ్చు ఉన్నదాన్ని నిలబెట్టొచ్చు, పెచ్చు పైకి ఉండేలా తిప్పితే చాలు. కిందికి వస్తే అక్కడి నుంచే బీట మొదలవుతుంది.

నెర్రెలున్నదాన్ని నీళ్లలో నానబెట్టకూడదు, బ్లీచింగ్ అసలు వద్దు. ఆ నీళ్లతో మట్టిలోకి ఇంకిన ఉప్పు ఆరాక గట్టిపడి గ్లేజుని పెచ్చులుగా లేపేస్తుంది. బీరువాలో హాలోజన్ బల్బు కూడా వద్దు, ఎల్‌ఈడీ పెట్టించండి.

గాజుగూడు: అరల గురించి ఒక మాట. 27 సెం.మీ. డిన్నర్ ప్లేటు ఒక్కోటి అరకిలో పైనే. పన్నెండు పేరిస్తే ఏడెనిమిది కిలోలు. అర 60 సెం.మీ. దాటితే 6 మి.మీ. అద్దం నమ్మొద్దు, 8 మి.మీ. టఫెన్డ్ వేయించండి. పళ్లేలకీ పళ్లేలకీ మధ్య మెత్తటి కాగితం లేదా నూలు గుడ్డ ఉంచండి. ఒకదాని అడుగు కింది దాని బంగారు గీతని గీకేస్తుంది.

కప్పుల్ని పిడి పట్టి కొక్కేలకు వేలాడదీయకండి. పిడి విడిగా చేసి అతికించిందే, బలహీనమైన చోటు అదే. పక్కనే వెండి గిన్నెలుంటే రబ్బరు మ్యాట్లు, ఉన్ని గుడ్డ తీసేయండి, వాటిలోని గంధకంతో వెండి నల్లబడుతుంది.

నెల్లూరుమాట: పగిలిన పళ్లెం వెనక ఇనప కొక్కేల్లాంటివి ఉంటాయి చూడండి, వాటిని "మాట్లు" అని రాయొచ్చా?

మట్టిపని: ఒప్పుకోను. మాటు వేయడం ఇత్తడి, రాగి బిందెల పని, కరిగించిన లోహంతో చిల్లు పూడుస్తారు. పింగాణీకైతే పగులుకు అటూ ఇటూ చిన్న బెజ్జాలు వేసి తీగ బిగించేవారు. అది కుట్టే. "వెనక మూడు కుట్లు" అనండి. వాటిని ఊడదీయించొద్దు.

పదాలపొది: అయితే ఇలా రాస్తే సరిపోతుందా? "పళ్లెం, 27 సెం.మీ., నీలి పూలు. అంచున 4 మి.మీ. పెచ్చు. మధ్యలో నెర్రెలు. బీట లేదు. వెనక ముద్ర: నిప్పాన్."

మట్టిపని: మాటలన్నీ సరే, వస్తువునే ఇంకోసారి చూడండి. నిప్పాన్ అన్న ముద్ర 1891 నుంచి 1921 దాకా అమెరికాకు వెళ్లిన జపాన్ సరుకుది. అందులో ఎక్కువ భాగం పోర్సెలిన్, దానికి నెర్రెలు అరుదు. జపాన్‌లోని సత్సుమా తరహా మట్టి పాత్ర అయితే నెర్రెలు దాని అందమే, లోపాల వరుసలో రాయకూడదు. రెండూ కాకపోతే ముద్రనే అనుమానించాలి, నిప్పాన్‌కి దొంగముద్రలు చాలా ఉన్నాయి. అడుగున గ్లేజు లేని వలయం మీద ఒక నీటి చుక్క వేయండి. పీల్చుకుంటే అది పోర్సెలిన్ కాదు.