డీఎన్ఏ క్రమం చేతికి వచ్చింది, దాని నుంచి పురుగు పేరు ఎలా తేల్చాలి?

ప్రశ్న: నర్సంపేట విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నర్సంపేట దగ్గరి పల్లె. మా నాన్న మిరప వేస్తారు. 2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు పూత పూతంతా రాలిపోయి తోటను దున్నేయవలసి వచ్చింది. ఆ బాధ కళ్లారా చూసినదాన్ని కనుక ప్రాజెక్టుకు మిరప పూలలోని తామర పురుగులనే ఎంచుకున్నాను.

మా ఊరితో పాటు మరో నాలుగు ఊళ్ల తోటల నుంచి పురుగులను సేకరించి, ఆల్కహాల్‌లో భద్రపరచి, హైదరాబాదులోని ఒక ల్యాబుకు పంపి జాతుల గుర్తింపుకు వాడే, కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ జన్యువు భాగాన్ని చదివించాను. 12 నమూనాలకు సుమారు 650 అక్షరాల చొప్పున క్రమాలు వచ్చాయి. భాండాగారంలోని క్రమాలతో పోల్చి చూపే బ్లాస్ట్ ప్రోగ్రాములో వేసి చూస్తే తొమ్మిదింటికి త్రిప్స్ పార్విస్పైనస్‌తో 99 శాతానికి పైగా పోలిక కనిపించింది. రెండింటికి పాత మిరప తామర పురుగైన సిర్టోత్రిప్స్ డార్సాలిస్‌తో 93 శాతం పోలిక మాత్రమే ఉంది. మిగిలిన ఒక్క క్రమాన్ని ప్రోటీన్‌గా అనువదించి చూస్తే మధ్యమధ్య స్టాప్ కోడాన్లు, అంటే ప్రోటీన్ తయారీని ఆపమనే సంకేతాలు, వస్తున్నాయి.

ఈ పట్టికను మా గైడ్ మేడమ్‌కు చూపించినప్పుడు, "ఈ పేర్లు నీ క్రమంలో ఉన్నాయా, కంప్యూటరు చూపిన వరుసలో ఉన్నాయా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. అక్షరాల నుంచి నిర్ధారణ దాకా ఎలా వెళ్లాలో, జీవశాస్త్రంలోని మిగతా రంగాలవారు ఆ దారిలో ఎలా నడుస్తున్నారో అనుభవం ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: హన్మకొండ నుంచి హైదరాబాదు ల్యాబుకు

చెల్లెమ్మా, మీ మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడమే క్రమ విశ్లేషణ. నేను పుట్టి పెరిగింది హన్మకొండలో. పదకొండేళ్లుగా చేస్తున్నది ఇదే పని.

ఒక క్రమాన్ని ఒంటరిగా ఎంతసేపు చూసినా దాని నుంచి తెలిసేది చాలా తక్కువ. మరో క్రమం పక్కన పెట్టి, ఎక్కడ కలిసింది, ఎక్కడ విడిపోయింది అని చూసినప్పుడే దానికి అర్థం వస్తుంది. 1970లో నీడిల్‌మన్, ఊన్ష్ రెండు వరుసలను మొదటి నుంచి చివరి దాకా పేర్చి పోల్చే పద్ధతిని ఇచ్చారు. 1981లో స్మిత్, వాటర్‌మన్ వాటిలో బాగా కలిసిన భాగాన్ని మాత్రమే పట్టుకునే పద్ధతిని ఇచ్చారు. అంత నిక్కచ్చిగా ఒక పెద్ద భాండాగారం మొత్తాన్ని గాలించాలంటే చాలా సమయం పడుతుంది. అందుకే ముందుగా చిన్న ముక్కలు కలిసే చోట్లను పట్టుకుని, అక్కడి నుంచి రెండు వైపులా పోలికను పొడిగించే బ్లాస్ట్ 1990లో వచ్చింది. కనుక బ్లాస్ట్ మీ పురుగుకు పేరు పెట్టలేదు. ఎవరో ఒకరు ఒక పేరుతో జెన్‌బ్యాంక్ అనే క్రమాల భాండాగారంలో జమచేసిన క్రమం మీ క్రమానికి దగ్గరగా ఉందని మాత్రమే చెప్పింది. ఆ జమచేసినవారు పురుగును తప్పుగా గుర్తించి ఉంటే, ఆ తప్పే మీ పట్టికలోకి దిగుతుంది.

99 శాతం అన్నప్పుడు అది ఎన్ని అక్షరాల మీద 99 శాతమో ముందు చూడండి. మీ 650 అక్షరాలలో 200 మాత్రమే పోల్చి ఇచ్చిన శాతానికి, మొత్తం పోల్చి ఇచ్చిన శాతానికి చాలా తేడా ఉంటుంది. పక్కనే కనిపించే ఈ-విలువను చూసి కూడా చాలామంది పొరబడతారు. అంత పెద్ద భాండాగారంలో అంతటి పోలిక కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు దొరకవచ్చు అనే అంచనాయే అది. అది సున్నాకు చేరినంత మాత్రాన జాతి ఖాయమైనట్లు కాదు, ఎందుకంటే దగ్గరి బంధువులైన రెండు వేర్వేరు జాతుల మధ్య కూడా అది సున్నాయే రావచ్చు.

ఇక 93 శాతం వచ్చిన ఆ రెండు నమూనాలు నా దృష్టిలో మీ ప్రాజెక్టులో అత్యంత విలువైనవి. వాటిని డార్సాలిస్ అని రాసి పక్కన పెట్టకండి. ఒకే జాతిగా అందరూ భావించిన డార్సాలిస్, రూపంలో విడదీయడానికి వీలులేని అనేక జాతుల సముదాయమని క్రమాల పోలికలోనే బయటపడింది. ఆ సముదాయంలోని వేర్వేరు శాఖల క్రమాలను దించుకుని, మీ రెండింటినీ వాటితో కలిపి పేర్చి, వంశవృక్షం గీయండి. మీవి ఏ కొమ్మ మీద కూర్చుంటాయో అప్పుడు తెలుస్తుంది. ఏ కొమ్మ మీదా సరిగ్గా కూర్చోకపోతే, అలాగే రాయండి. 1977లో కార్ల్ వూజ్ చేసింది కూడా రైబోసోమ్ ఆర్ఎన్ఏను పోల్చడమే. బాక్టీరియా అని అనుకున్న కొన్ని జీవులు ఆ కొమ్మ మీద కూర్చోలేదు కనుకనే ఆర్కియా అనే వేరే విభాగం ఏర్పడింది.

ప్రోటీన్‌గా అనువదించేటప్పుడు ఏ మూడక్షరాలు ఏ అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయో చెప్పే సంకేత పట్టికలలో మీరు ఏది వాడారో రాయలేదు. వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియాలో టీజీఏ అనేది స్టాప్ కోడాన్ కాదు, ట్రిప్టోఫాన్‌ను సూచిస్తుంది. మామూలు పట్టిక వాడితే లేని స్టాప్ కోడాన్లు కనిపిస్తాయి. ఐదో నంబరు పట్టికతో మళ్లీ చూడండి. అప్పటికీ పోకపోతే, మైటోకాండ్రియా జన్యువు నకలు ఎప్పుడో కేంద్రకంలోకి చేరి పనికిరాకుండా మిగిలిన ముక్కను మీ ప్రైమర్లు (చదవవలసిన భాగానికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) పట్టుకుని ఉండవచ్చు. ఒక్కో అక్షరాన్ని ఒక్కో శిఖరంగా చూపే, ల్యాబు ఇచ్చిన క్రొమటోగ్రామ్ ఫైలును తెరిచి, ఒకే చోట రెండు శిఖరాలు ఉన్నాయేమో కంటితో చూడడం తప్పనిసరి. అక్షరం పక్కనుండే నాణ్యతాంకం 20 అంటే నూటికి ఒకటి, 30 అంటే వెయ్యికి ఒకటి తప్పు ఉండే అవకాశం. రెండు చివర్లలో అది పడిపోయిన భాగాన్ని కత్తిరించిన తర్వాతే పోలికకు దిగాలి.

చివరిగా ఒక మాట అడగాలి. డీఎన్ఏ తీసిన తర్వాత ఆ పురుగుల పైతొడుగులను దాచారా?

జవాబు: వరి ప్రజననంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు

బిడ్డా, నీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. మొక్కల ప్రజననంలో క్రమ విశ్లేషణ ఎందుకు అవసరమైందో సాంబ మసూరి కథతో చెబుతాను, ఎందుకంటే మన జిల్లాలో ఆ బియ్యం తినని ఇల్లు ఉండదు.

సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు అంటే తట్టుకునే శక్తి లేదు. ఒక్క నిరోధక జన్యువును పెడితే బాక్టీరియా కొంతకాలానికి దాన్ని దాటగలదు కనుక మూడు జన్యువులను కలిపి పెట్టాలనుకున్నారు. అవి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. వీటిలో మొదటిది అడవి వరి నుంచి వచ్చింది. ఇక్కడే రెండు ఇబ్బందులున్నాయి. తెగులు రాని మొక్కను చూసి, దానిలో ఒక జన్యువు ఉందా, మూడూ ఉన్నాయా అని కంటితో చెప్పలేము. పైగా 13, 5 అనేవి అంతర్గత జన్యువులు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందితేనే నిరోధకత బయటపడుతుంది. సాంబ మసూరితో తిరిగి సంకరం చేసిన ప్రతి తరంలోనూ మొక్కలో ఒక్క ప్రతే ఉంటుంది కనుక పొలంలో అది రోగం వచ్చే మొక్కలాగే కనిపిస్తుంది. పాత పద్ధతిలో అయితే ప్రతి సంకరం తర్వాత ఒక తరం స్వపరాగ సంపర్కం చేయించి, రోగం అంటించి పరీక్షించవలసి వచ్చేది. ఆ జన్యువుల దగ్గరి డీఎన్ఏ తేడాను పట్టే మార్కర్ ఉంటే, నారుమడిలోని చిన్న ఆకు ముక్కతోనే మొక్కను ఎంచవచ్చు. వరి పరిశోధన సంచాలనాలయం, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ అయిన సీసీఎంబీ కలిసి ఈ దారిలోనే పనిచేసి తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

ఎక్స్ఏ13 విషయంలో ఇంకొక సంగతి ఉంది. నిరోధకతనిచ్చే ముఖ్యమైన తేడా జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో లేదు, ఆ జన్యువును ఎప్పుడు తెరవాలో నిర్ణయించే ముందుభాగంలో ఉంది. ప్రోటీన్‌ను రాసే భాగాన్ని మాత్రమే పోల్చి ఊరుకున్నవారికి ఈ సంగతి కనిపించదు.

వరిని ఆశించే ఉల్లికోడు పురుగు గురించి కూడా చెప్పాలి. పిలక ఉల్లికాడలా గొట్టంగా మారిపోయే ఆ నష్టం మన రైతులకు బాగా తెలుసు. వరంగల్‌లో బయటపడిన 4ఎం అనే జీవరూపం (చూడడానికి ఒకేలా ఉన్నా వేరే వరి రకాలను దెబ్బతీసే అదే పురుగులోని రకం), అంతకుముందు తట్టుకున్న కొన్ని రకాలను కూడా దెబ్బతీసింది. పురుగును చూసి ఇది ఏ జీవరూపమో చెప్పలేము. ఏ వరి రకం మీద బతుకుతుంది, దేని మీద చస్తుంది అని ఏళ్ల తరబడి పొలాల్లో రాసిపెట్టిన లెక్కల వల్లనే ఆ తేడా తెలిసింది. జన్యువులను వెతికినవారు ఆ లెక్కల మీదే నిలబడ్డారు. అందుకని నీ 12 నమూనాలకు ఏ తోట, ఏ తేదీ, ఏ మిరప రకం, అంతకు ముందు ఏ మందు కొట్టారు అనే వివరాలు లేకపోతే ఆ క్రమాలకు సగం విలువ పోతుంది. ఇప్పుడే నాన్నగారి పక్కన కూర్చుని గుర్తున్నంత వరకు రాసుకో.

జవాబు: వైద్య కళాశాల సూక్ష్మజీవశాస్త్రం

వైద్యంలో అవసరం వేరు, తర్కం ఒకటే. క్షయ బాక్టీరియా జీనోమ్ సుమారు 44 లక్షల అక్షరాలు, దాని మొదటి పూర్తి క్రమం 1998లో వెలువడింది. రిఫాంపిసిన్ మందుకు లొంగని బాక్టీరియాలో అత్యధిక భాగానికి ఆర్‌పీఓబీ జన్యువులోని 81 అక్షరాల చిన్న భాగంలోనే మార్పు ఉంటుందని, లొంగినవాటి క్రమాలను లొంగనివాటితో పోల్చి కనిపెట్టారు. బాక్టీరియాను పెంచి మందును పరీక్షించడానికి వారాలు పట్టే చోట, కఫం నుంచే ఆ భాగాన్ని చూసే యంత్రం రెండు గంటలలో సమాధానం ఇవ్వగలగడానికి కారణం ఆ పోలికే. మా దగ్గరకు మారుమూల గూడేల నుంచి వచ్చే రోగులు అన్ని వారాలు ఆగలేరు కనుక దాని విలువ నాకు ప్రతిరోజూ తెలుస్తుంది.

కొడవలి కణ వ్యాధిలో తేడా ఇంకా చిన్నది. బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క ఏ స్థానంలో టీ రావడంతో గ్లూటమిక్ ఆమ్లం బదులు వాలిన్ చేరుతుంది. ఆదిలాబాద్ ప్రాంతపు గిరిజన కుటుంబాలలో ఈ వ్యాధి ఉన్నందున ఇది మనకు పుస్తకంలోని ఉదాహరణ కాదు. అయితే ఒకే మార్పు ఉన్న ఇద్దరు పిల్లలలో ఒకరికి తీవ్రంగా, మరొకరికి తేలికగా ఉండవచ్చు. పిండ దశ హిమోగ్లోబిన్ ఎంత మిగిలిందన్నది వంటి ఇతర అంశాలు అక్కడ పనిచేస్తాయి. కనుక ఒక్క అక్షరం చూసి రోగి భవిష్యత్తు అంతా చెప్పవద్దని మా విద్యార్థులకు మళ్లీ మళ్లీ చెబుతాను.

జవాబు: ఏటూరునాగారం అడవి పక్కన

వన్యప్రాణుల విషయం ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా రాస్తున్నాను. పట్టుబడిన మాంసం ఏ జంతువుదో రూపం చూసి తేల్చలేనప్పుడు మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి భాగాన్ని చదివి తేలుస్తారు. దీనికి దాదాపు అన్ని వెన్నెముక జీవులకూ పనిచేసే ప్రైమర్లను సీసీఎంబీలోనే రూపొందించారు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కనుక సంకర జంతువును ఈ ఒక్క భాగంతో పట్టుకోలేము. ఆ పరిమితి మీ సీఓఐకి కూడా వర్తిస్తుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన: నర్సంపేట విద్యార్థిని

అన్నయ్యకు, పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఐదో నంబరు పట్టికతో అనువదించగానే ఆ నమూనాలో ఒక్కటి తప్ప స్టాప్ కోడాన్లన్నీ పోయాయి. మిగిలిన ఆ ఒక్కటి ఉన్న చోట క్రొమటోగ్రామ్‌లో రెండు శిఖరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి కనుక, ఆ నమూనాను లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ చదివించాలని నిర్ణయించుకున్నాను. తొమ్మిది పార్విస్పైనస్ క్రమాలలో ఏడింటికి 640 అక్షరాలకు పైగా పోలిక ఉంది. రెండింటికి 310 మాత్రమే ఉంది. ఆ తేడాను నా పట్టికలో చూపనేలేదు.

పైతొడుగుల విషయంలో పొరపాటు జరిగింది. నమూనాలను ల్యాబుకు పంపినప్పుడు వాటిని మొత్తంగా నూరి డీఎన్ఏ తీశారు, దాచమని చెప్పాలని నాకు తెలియదు. ఆ రెండు 93 శాతం పురుగులు ఏ రూపంలో ఉండేవో ఇప్పుడు ఎవరికీ చూపించలేను. అవి రెండూ ఒకే తోటలోవని నా నోటుబుక్కులో ఉంది. అక్కడ ఇంకా పూత ఉంది. ఈ ఆదివారం నాన్నతో వెళ్లి అదే సాళ్లలో మళ్లీ సేకరిస్తాను. ఈసారి పురుగును నూరకుండా ద్రావణంలో నానబెట్టి డీఎన్ఏ తీసి, మిగిలిన పైతొడుగును స్లైడు మీద ఎక్కించడానికి మా మేడమ్ ఒప్పుకున్నారు. అలా తీసేటప్పుడు ఇంత చిన్న పురుగును ఎంతసేపు నానబెట్టాలో అన్నయ్య చెప్పగలరా?

జవాబు: హన్మకొండ నుంచి హైదరాబాదు ల్యాబుకు

ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్-కె ఎంజైము ఉన్న ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర మూడు గంటలతో మొదలుపెట్టి, ముందుగా మీకు అవసరం లేని మామూలు పార్విస్పైనస్ పురుగుల మీద ప్రయత్నించండి. ఆ తోటలో దొరికే ప్రతి పురుగుకూ విడిగా గొట్టం, విడిగా నంబరు ఇవ్వండి. గొట్టం మీద రాసిన నంబరే స్లైడు మీద, క్రమం ఫైలు మీద కూడా ఉండాలి. గొట్టం మీద పెన్సిలుతో రాయండి, ఎందుకంటే ఆల్కహాల్ తగిలితే మార్కర్ పెన్ను సిరా చెరిగిపోతుంది.